ముక్కాల్ తులం తరుగు

ఈ మధ్య మా మనవరాలితో పాటు ఆమె స్నేహితురాలొకతె మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఏదో నగల కంపెనీలో డిజైన్లు గీస్తుందట. వచ్చిన పిల్ల మంచినీళ్ళు కూడా తాగకుండా నా ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుంది. సంచిలోంచి చిన్న భూతద్దం తీసి, నా చేతికున్న కడియాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అమ్మమ్మా, ఇది వింటేజ్ బ్రేస్‌లెట్. అచ్చమైన డిజైనర్ పీస్. చాలా రేర్! దీన్ని చేసినాయన ఇలాంటివి ఇంకెన్ని చేశారు?" అని అడిగింది.

"ఒక్కటే" అన్నాను.

ఆ అమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుంది. గొప్ప కళాకారులు అంతేనని, ఒకసారి చేసింది మళ్ళీ చెయ్యరని నాకు వివరించింది. నేను తల ఊపి, టీ ఇచ్చి పంపించాను. నిజం చెబితే ఆ పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టయ్యేది. దాన్ని చేసిన అవుసలికి, అంటే మా ఊరి కంసాలికి, మళ్ళీ చెయ్యకూడదన్న నియమం ఏమీ లేదు. చేతినిండా చేసేవాడే, జహీరాబాదులో ఇంటికొకటి ఉండేది. ఉండకుండా పోయిందంటే దానికి రెండు కారణాలు. ఒకటి మా అత్తమ్మ నోరు. రెండోది నా నిద్ర.

నేను న్యాల్‌కల్ వైపు ఒక పల్లె నుంచి డెబ్బై మూడులో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఝరాసంగం దగ్గర భూములు, జహీరాబాదులో ఇల్లు, గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, మామయ్యకు ఒక అడ్తి దుకాణం. ఊళ్ళో మా వాళ్ళను పటేలోళ్ళు అనేవారు. పటేలు మామయ్యే అయినా పెత్తనం మాత్రం అత్తమ్మది. ఆమె దృష్టిలో లోకంలో మగవాళ్ళు రెండే రకాలు. ఒకరు వాళ్ళ నాయన. రెండో రకం మిగతా అందరూ.

ఆ నాయన అప్పటికే పోయి ఏడాదో రెండేళ్ళో అయింది. పోయాక ఆయన ఇంకా గొప్పవాడయ్యాడు. రొట్టె మాడితే, "మా నాయినింట్ల పెంక గూడ మంచిగుండేది" అనేది. మిరుగు కార్తె దాటినా వాన పడకపోతే, "మా నాయిన ఉన్నప్పుడు గిట్ల తప్పకపోయేది" అనేది. వానలు కూడా ఆయన పాలేర్లేనన్నట్టు. మామయ్య ఇవన్నీ వింటూ రేడియో చప్పుడు కొద్దిగా పెంచేవాడు. అంతకు మించిన తిరుగుబాటు ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

ఆ నాయన ఆమె పెండ్లికి పెట్టినది ఐదు తులాల బంగారు గుండ్ల దండ. ఉసిరికాయంత గుండ్లు, తళతళలాడుతూ ఉండేవి. ఇంటికి ఎవరు వచ్చినా కాళ్ళు కడుక్కునేలోపు ఆ దండ కథ సగం అయిపోయేది. రాయికోడ్ దగ్గరి ఆ పల్లెలో ఏ ఆడపిల్లకూ ఎవరూ అంత పెట్టలేదని, పెట్టలేరని, పెట్టబోరని.

మరి అంత దండను కరిగించడం ఎందుకు? బీదర్‌లో ఒక పెండ్లికి పోయి వచ్చింది, అందుకు. అక్కడ ఒక వకీలు భార్య చేతికి వెడల్పాటి కడియం చూసిందట. ఆ వకీలు భార్య వడ్డిస్తున్నప్పుడల్లా అందరి కళ్ళూ ఆమె చేతి మీదే ఉన్నాయట. మెడలో గుండ్లు చూపించుకోవాలంటే కొంగు సర్దుకోవాలి. కడియమైతే చెయ్యి చాపితే చాలు. అత్తమ్మకు ఈ లెక్క బాగా నచ్చింది. వారం తిరగకుండా అవుసలికి కబురు పంపింది.

ఆ అవుసలికి అప్పుడు నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. సన్నగా, నల్లగా, చెవులకు చిన్న పోగులతో ఉండేవాడు. బజారు వెనక సందులో ఆయన దుకాణం. దుకాణమంటే ఒక చాప, ఒక కుంపటి, ఒక దాగలి. వయసులో ఉన్నప్పుడు బీదర్‌లో కొన్నాళ్ళుండి, అక్కడ నల్ల పాత్రల మీద వెండి తీగలు పొదిగే వాళ్ళ పని పక్కన కూర్చుని చూశాడట. అందుకే ఆయన తీగ గీస్తే అది పాకుతున్నట్టే ఉండేది. నేను కాకా అని పిలిచేదాన్ని.

ఆయనలో ఒక గుణం ఉంది. ఎదుటివాళ్ళ పరువు పోయేలా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అత్తమ్మ చేతి కొలతకని పెట్టె అడుగు నుంచి తన పెండ్లినాటి గాజు తీసి ఇచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల గాజు అది. ఇప్పుడు అందులో ఆమె నాలుగు వేళ్ళు దూరితే గొప్ప. అవుసలి గాజును చూశాడు. టీ గ్లాసు అందిస్తున్న ఆమె చేతిని చూశాడు. గాజును భక్తిగా పక్కన పెట్టి, "పటేలమ్మా, గిప్పుడు హైద్రాబాద్ల మర కడేలే నడుస్తున్నయి. నడుమ కీలు, పక్కకు మర. తీసుడు, వెట్టుడు అల్కగుంటది. అసొంటిది జెయ్యన్నా?" అన్నాడు.

"హైద్రాబాద్ల గదే నడుస్తుందా? అయితే గట్లనే జెయ్యి" అంది అత్తమ్మ. హైదరాబాదు ఫ్యాషను ఆ నిమిషంలో మా వసారాలో పుట్టిందని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఆ రోజుల్లో బంగారం పని అవుసలి ఇంట్లో చేయించేవాళ్ళు కాదు. ఆయనే కుంపటి, మూస, ఊదుగొట్టం మూట కట్టుకుని మన ఇంటికి వచ్చేవాడు. వసారాలో కూర్చుని చేసేవాడు. ఇంటి వాళ్ళలో ఒకరు ఆయన ఎదురుగా కావలి కూర్చునేవాళ్ళు. కన్నతల్లి బంగారంలోనైనా అవుసలి కొంత మిగుల్చుకుంటాడని ఒక సామెత ఉండేది. ఆ సామెతను ఆయన ముందే అనేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, వాళ్ళ బంగారం, వాళ్ళ వసారా.

మా అత్తమ్మ కావలికి సాధారణ నియమాలు సరిపోవు. అవుసలి తల గోక్కోకూడదు, వెంట్రుకల్లో బంగారం రవ్వ దాచవచ్చు. చొక్కా వేసుకోకూడదు. పని మధ్యలో చేతులు కడిగితే ఆ నీళ్ళు తాంబాళంలో పట్టాలి. సాయంత్రం కుంపటిలో బూడిదను కుండలో ఎత్తి పెట్టాలి, తర్వాత నేను దాన్ని జల్లెడ పట్టాలి. నేను పట్టాను. మూడు రోజుల బూడిదలో నాకు దొరికింది ఒక చింతగింజ.

కావలి కూడా నేనే. "నీ కండ్లు మంచిగున్నయి. కన్ను గొట్టకుంట చూడాలె. మా నాయిన బంగారం అది" అని నన్ను గుంజకు ఆనించి కూర్చోబెట్టింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు అప్పుడు మూడో నెల. అది నాకు, మా ఆయనకు, మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మూడో నెల నిండేదాకా నోరు విప్పొద్దని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆ నెలలో నిద్ర ఎలా వచ్చేదంటే, నిలబడి పిండి జల్లిస్తూ కూడా వచ్చేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కుంపటి వెచ్చదనం ఒంటికి తగిలి, చిన్న సుత్తి టకటకలాడుతుంటే నేను ఎక్కడున్నానో నాకే తెలిసేది కాదు. కొత్త కోడలు ముసుగు వేసుకోవడంలో ఉన్న సుఖం అదే. కొంగు నుదుటి మీదికి లాక్కుని గుంజకు తల ఆనిస్తే, లోపల కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో దేవుడికి కూడా తెలియదు.

మొదటి రోజు పొద్దున దండను తూచారు. సరిగ్గా ఐదు తులాలు. అవుసలి ఒక గుండును వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ దొర్లించాడు. కొంచెంసేపు ఆలోచించి, "పటేలమ్మా, కరగవెడ్తె జర తరుగు ఉంటది" అన్నాడు.

"మా నాయిన బంగారం తరగది" అంది అత్తమ్మ. ఆయన కుంపటి రాజేశాడు.

ఆ మధ్యాహ్నం ఒకసారి మెలకువ వచ్చేసరికి వసారా అంతా ఊదు పొగ. పీర్ల కొట్టంలో ఉన్నట్టుంది. కుంపటి మీద ఊదు చల్లుతున్నాడు కాకా. "ఏంది కాకా?" అన్నాను ఉలిక్కిపడి. "మంచి పనికి ఊదు ఏస్తరు బిడ్డా" అన్నాడు. ఎంత భక్తిపరుడో అనుకుని మళ్ళీ పడుకున్నాను.

పూర్తిగా నిద్రపోయానని అనుకోకండి. పొద్దుటి పూట చూసేదాన్ని, చూసినది ఈనాటికీ మరిచిపోలేదు. సన్నటి బంగారు తీగను మెంతి గింజ కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి బొగ్గు మీద పరిచేవాడు. ఊదుగొట్టంతో ఊదేవాడు. ముక్క ఎర్రబడి, వణికి, ఒక్కసారిగా ముడుచుకుని గుండ్రటి గింజ అయిపోయేది. అలా వందల గింజలు. వాటిని వెలిగారం తడితో ఒక్కొక్కటే కడియం మీద అతికించాడు. అంతా అయ్యాక చూస్తే అది మన జొన్న కంకి. పాలు పోసుకుని గింజ గట్టిపడ్డ కంకి ఎలా ఉంటుందో అలాగే, వరస వరసగా, ఒకచోట ఒత్తుగా ఒకచోట పలచగా. అంచున బీదర్ తీగ. కీలు దగ్గర రెండు ఆకులు ఒకదాని మీదికి ఒకటి వచ్చి మూసుకునేవి. మర ఎక్కడుందో కనబడేది కాదు.

మూడో రోజు సాయంత్రం దాన్ని అత్తమ్మ చేతికి పెట్టాడు. ఆమె నోట మాట రాలేదు. పెండ్లయ్యాక అలా జరగడం మొదటిసారని మామయ్య తర్వాత చెప్పాడు. ఆయన రేడియో కట్టేసి మరీ వచ్చి చూశాడు.

అంతా అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. అత్తమ్మ కడియం తీసి, "తూచు" అంది.

తూచారు. నాలుగు తులాల పావు.

మళ్ళీ తూచారు. బజారులో నగల దుకాణం నుంచి ఇంకో కాంటా తెప్పించి తూచారు. మా ఇంటి కాంటా అబద్ధం చెప్పినా అది చెప్పదు కదా. అదీ అదే చెప్పింది. ముక్కాల్ తులం తక్కువ.

"తరుగు వొయ్యింది అమ్మా" అన్నాడు అవుసలి. నేల చూస్తూ అన్నాడు.

"ముక్కాల్ తులం తరుగా? ఎవలికి చెప్తున్నవ్? పిల్లా, ఇటు రా" అని నన్ను పిలిచింది. "నువ్వు కన్ను గొట్టకుంట చూసినవా లేదా?"

వసారాలో అందరూ నా వైపు తిరిగారు. అవుసలి కూడా చూశాడు. ఆయనకు తెలుసు, నేను మూడు మధ్యాహ్నాలు గుంజకు ఆని గురక పెట్టానని. ఇప్పుడు అంటాడు, అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన అనలేదు. ఆ క్షణంలో నాకు ఆయన గురించి ఆలోచనే లేదు. కొత్త కోడలు కావలి కూర్చుని నిద్రపోయిందన్న మాట ఎన్నేళ్ళు వినాలో, అదొక్కటే నా భయం.

"చూసిన అత్తమ్మా. రెండు కండ్లు తెర్సుకొని చూసిన. కాకా ఏం తియ్యలే" అన్నాను.

నా మాట ఆయన్ను కాపాడుతుందని కూడా ఎక్కడో అనుకున్నాను. అది చేసిన పని వేరు. అత్తమ్మ చేతులు తిప్పుతూ, "చూసిన్రా! ఎదురుంగ కూసున్న పిల్లకే కనవడకుంట తీసిండంటె, గీయన చెయ్యి మామూలు చెయ్యి గాదు" అంది. అలా నా సాక్ష్యంతో ఆయన మామూలు దొంగ నుంచి మాయల దొంగ అయ్యాడు.

అవుసలి మూట సర్దుకున్నాడు. మామయ్య కూలి ఇవ్వబోతే వద్దన్నాడు. "తప్పు చేసినోడే కూలి అడగడు" అని అత్తమ్మ దానికీ ఒక అర్థం చెప్పింది. పోతూ పోతూ ఆయన నా దగ్గర ఆగి, "పుల్లటిది ఏమన్న తినబుద్ధయితుందా బిడ్డా? నిద్రకు జర తగ్గుతది" అని మెల్లగా అన్నాడు. మూడో నెల నిండకముందే నా రహస్యం తెలిసిన నాలుగో మనిషి ఆయనే.

అవుసలికి చేతిపని కంటే పేరు ముఖ్యం. ఎంత పనివాడైనా సరే, నలుగురూ నమ్మి బంగారం చేతిలో పెడితేనే కదా పని. ఆ నమ్మకాన్ని మా అత్తమ్మ ఎంత శ్రద్ధగా ఊడ్చిపెట్టిందో చెప్పాలి. ఆమెకు ఆ కడియమంటే ప్రాణం. పేరంటానికి పోయినా, పెండ్లికి పోయినా చెయ్యి చాపేది. ఆడవాళ్ళు మూగేవారు. "అబ్బ, ఏం పని! ఎవలు చేసిన్రు?" అనేవారు. అత్తమ్మ ఆయన పేరు, సందు, దుకాణం గుర్తులతో సహా చెప్పేది. గింజ గింజనూ పొగిడేది. వినేవాళ్ళ నోట్లో నీళ్ళు ఊరి, రేపే పోదామనుకునే సమయానికి గొంతు తగ్గించి, "చెయ్యి మంచిదే గని, జర పొడుగు. ముక్కాల్ తులం లేపిండు. మా కోడలు ఎదురుంగనే" అనేది.

ఆమె కంటే బాగా ఆయన పనిని మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఆమె కంటే బాగా ఆయన్ను ముంచినవాళ్ళూ లేరు. రెండూ ఒకే గుక్కలో చేసేది. ఒకరి నుంచి ఒకరికి ఆ ముక్కాల్ తులం తులమైంది, తులంన్నర అయింది. గంజి నుంచి ఝరాసంగం దాకా పోయింది. కడియం అడిగే మనిషే లేకుండా పోయాడు. ఆయనకు మిగిలింది వెండి మట్టెలు, తెగిన పట్టీలకు అతుకులు, పిల్లలకు చెవులు కుట్టడం. నా కూతురికి కూడా ఆయనే కుట్టాడు. "సూది ఇనుపది. గదేం ఎత్కపోతడు" అని అత్తమ్మే పిలిపించింది.

నేను ఆయన్ను దొంగనే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం. నేను పడుకున్నప్పుడే తీశాడని, పాపంలో సగం నాదని అనుకున్నాను. అందుకే బజారుకు పోతే ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. ఎప్పుడైనా ఎదురుపడితే, "బిడ్డ మంచిగున్నదా?" అని అడిగేవాడు. ఆ గొంతులో ఏ నిష్ఠూరమూ ఉండేది కాదు. దొంగకు అంత నిదానం ఎక్కడిదని నాకు ఒళ్ళు మండేది.

ఇలా పదేళ్ళు గడిచాయి. ఎనభై నాలుగు ఎండాకాలంలో అత్తమ్మ తమ్ముడు తన బిడ్డ పెండ్లి పత్రిక పట్టుకుని వచ్చాడు. నవ్వు మొహం మనిషి. కడుపులో మాట దాగదు. వసారాలో పీట వేసి రొట్టెలు, శనగ పప్పు కూర పెట్టాను. అత్తమ్మ ఎదురుగా కూర్చుని వడ్డిస్తూ, చెయ్యి చాపి చాపి, పెండ్లికి ఈ కడియమే పెట్టుకుని వస్తానంది. అక్కడి నుంచి కథ మొదలైంది. నాయన, ఐదు తులాలు, అవుసలి, ముక్కాల్ తులం.

తమ్ముడు రొట్టె తుంచుతూ పకపకా నవ్వాడు. "ఓ అక్కా, అవుసలి ఏం లేపలే. అది లక్క!"

"ఏం లక్క?"

"గుండ్లల్ల లక్క నింపిచ్చిండు గద నాయిన. నేను ఎంబడి వొయిన బీదర్‌కు. ఆ యేడు కరువు. చేతుల నాలుగు తులాల పావు కంటె ఎక్కువ ఎల్లలే. వియ్యాలోళ్ళ ముంగట ఇజ్జత్ వోతదని, పైన రేకు గొట్టిచ్చి లోపల లక్క వోపిచ్చిండు. అక్కకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకుండు. ఆయన వొయ్యి పన్నెండేండ్లాయె. ఇంక ఏం ఒట్టు?"

అత్తమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మొదట తమ్ముడి మీద పడింది. "మా నాయిన అసొంటోడు గాదు. నీ నోట్ల మన్నువడ" అంది. ఆయన తిట్లు కూడా రొట్టెతో పాటే నమిలాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. గొంతు మారిపోయింది. బతిమాలుతున్నట్టుంది.

"పిల్లా, నువ్వు చూసినవ్ గద. గుండు కోస్తె లక్క కనవడాలె. కాలితె వాసన రావాలె. నువ్వు కన్ను గొట్టకుంట చూసినవ్. లక్క ఏం ఎల్లలే గద? చెప్పు గీయనకు."

పదేళ్ళ కిందటి అబద్ధం తిరిగి తిరిగి నా ముందుకు వచ్చి నిలబడింది. లేదు అంటే వాళ్ళ నాయన నిలబడతాడు, అవుసలి ఎప్పటికీ దొంగే. నిజం చెబితే అవుసలి నిలబడతాడు, ఆ నాయన పడిపోతాడు. ఊదు పొగ ఎందుకో నాకు అప్పుడే తెలిసింది.

"నేను చూడలే అత్తమ్మా. నిద్రవోయిన."

"ఎంతసేపు?"

"మూడు దినాలు."

"మూడు దినాలా!"

"మధ్యాహ్నాలే అత్తమ్మా" అన్నాను. అది చాలా చిన్న సవరణ అని నాకే అనిపించింది. "లేసెటాలకు ఊదు పొగ ఉండె. లక్క వాసన రావద్దని ఏసినట్టుండు. భయపడి అప్పుడు చెప్పలే. తప్పైంది."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె గరిటె కింద పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు ఇంట్లో వాళ్ళ నాయన పేరు వినబడలేదు. రేడియో ఒక్కటే వినబడింది.

మరునాడు పొద్దున అత్తమ్మ మంచి చీర కట్టుకుని, కడియం పెట్టుకుని, "నడువు" అంది. పటేలోళ్ళ ఆడవాళ్ళు అవుసలి సందులోకి నడిచి పోవడం అప్పటిదాకా లేదు. అవుసలే మా గడపకు రావాలి. సందు మొదట్లో ఉన్న దర్జీ మిషను ఆపి చూశాడు.

అవుసలి పట్టీకి అతుకు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి గాబరాగా లేచి చాప దులిపాడు. తల నెరిసింది. అత్తమ్మ కూర్చోలేదు.

"లక్క ఎంత ఎల్లింది?" అంది.

ఆయన నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. "ఏం లక్క పటేలమ్మా? తరుగు వొయ్యిందంటిని గద" అన్నాడు. పదేళ్ళు పేరు పోగొట్టుకుని, మేమే వచ్చి అడిగినా ఇంకా అదే మాట.

"మా తమ్ముడు చెప్పిండు. కోడలు గూడ చెప్పింది. ఇంక దాపెట్టకు. ఎందుకు చెప్పలే గప్పుడు?"

ఆయన అతుకు వేస్తున్న పట్టీని తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "గుండు కోసినప్పుడు మీరు లోపట్నుంచి మీ నాయిన ముచ్చటనే చెప్తున్రు అమ్మా" అన్నాడు. "బిడ్డేమో నిద్రవోయింది. చూసెటోళ్ళు ఎవలు లేరు గదా అని కాలవెట్టిన. నా పేరు వోతె నేనున్న, మల్ల సంపాయిచ్చుకుంట అనుకున్న. మీ నాయిన పేరు వోతె, సంపాయిచ్చుకోనీకె ఆయన ఏడున్నడు?"

అత్తమ్మ రొండిన దోపుకున్న గుడ్డ మూట తీసి ఆయన చేతిలో పెట్టింది. తన గాజులు రెండు, ఒక తెగిన గొలుసు. "నా మనుమరాలికి అసొంటిదే కడెం జెయ్యి. మీ ఇంట్లనే జెయ్యి. నేను తూచలే. నువ్వు తూచకు" అంది. మా ఇంట్లో తూకం లేకుండా బంగారం గడప దాటడం నేను అదే చూడటం.

ఆయన మూట విప్పలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "చూపు తగ్గింది పటేలమ్మా. గింజలు కనవడ్తలేవు. మట్టెలు, పట్టీలంటె తడుముకుంట చేస్త. గా పని ఇంక నాతోని గాదు" అన్నాడు.

అత్తమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. చూపు ఉన్న పదేళ్ళూ ఆయనకు ఏం పని దొరికిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తప్పయింది అంటుందేమో అని చూశాను. ఆ మాట ఆమెకు ఎప్పుడూ అలవాటు లేదు.

ఆమె గిరుక్కున సందు వైపు తిరిగింది. అప్పటికి దర్జీ, కూరల గంప దించిన ముసలమ్మ, పక్క దుకాణాల అవుసలులు, నీళ్ళకు పోతున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అక్కడ చేరి ఉన్నారు. కడియం ఉన్న చెయ్యి పైకెత్తి, పేరంటాల్లో తగ్గించే ఆ గొంతును ఏమాత్రం తగ్గించకుండా మొదలుపెట్టింది.

"అందరు ఇనున్రి! గీయన ముక్కాల్ తులం తియ్యలే. గురిగింజెత్తు గూడ తియ్యలే. మా నాయిన నాకు లక్క గుండ్లు వెట్టిండు! లక్క! మా నాయిన వెట్టింది లక్క!"

"అమ్మా, మెల్లగ" అన్నాడు అవుసలి. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చేతులు జోడించాడు. "మెల్లగ అమ్మా, పెద్దాయన ఇజ్జత్. నలుగురు ఇంటున్రు."

మా అత్తమ్మ ఏడుస్తూనే ఆయన వైపు తిరిగి కసురుకుంది.

"పదేండ్లు నీ ముచ్చట గట్టిగనే చెప్పిన గద! గిది మెల్లగ ఎట్ల చెప్త?"